హాండెల్: ఆయన పాట, ఆయన పద్దు

మన ఉత్సవ సంచికల్లో త్యాగయ్యగారి మీద, అన్నమయ్య మీద వ్యాసాలు దాదాపు ప్రతి ఏడూ వస్తున్నాయి. రావలసినవే. ఈసారి నేను ఒక జర్మనువాడి గురించి రాస్తానన్నప్పుడు సంపాదకవర్గంలోని మిత్రులు కొంచెం ఆశ్చర్యపడ్డారు. కాని ఆలోచించి చూడండి. నేటాలులో బడికి వెళ్ళిన మన తెలుగు కుటుంబాలలో ఒక్క త్యాగరాజ కీర్తనైనా రాని ఇళ్ళు చాలా ఉన్నాయి. హల్లెలూయా కోరసు విననివాళ్ళు మాత్రం అరుదు. హిందువులమైనా, క్రైస్తవులమైనా, బడి హాలులో వరుసగా నిలబడి ఆ పాట పాడినవాళ్ళమే. ఆ పాట కట్టిన మనిషి ఎవరు, ఎలా బతికాడు, ఆయనకు డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అన్నది మాత్రం మాకు ఏ ఉపాధ్యాయుడూ చెప్పలేదు. తరువాత నేనూ ఉపాధ్యాయుడినై ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలచేత ఆ పాట పాడించాను. నేనూ చెప్పలేదు, నాకూ తెలియదు కనుక.

జార్జి ఫ్రెడరిక్ హాండెల్ 1685 ఫిబ్రవరి 23న జర్మనీలోని హాలె పట్టణంలో పుట్టాడు. అదే ఏడు, ఆ ప్రాంతంలోనే, ఐసెనాక్ అనే ఊళ్ళో మరో మహా సంగీతకారుడు బాహ్ పుట్టాడు. ఇద్దరూ జన్మలో ఒకరినొకరు చూసుకోలేదు. మన వైపు లెక్క కావాలంటే, హాండెల్‌కు రెండేళ్ళు నిండిన 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. రామదాసును చెరసాలలో పెట్టించిన తానీషా ఏలుబడి ముగిసింది.

హాండెల్ తండ్రి క్షురకుడు, శస్త్రవైద్యుడు కూడా. ఆ కాలపు ఐరోపాలో ఆ రెండు పనులూ ఒకే చేతి మీద నడిచేవి. కొడుకు పుట్టేనాటికి ఆయనకు 63 ఏళ్ళు. పిల్లవాడు లాయరు కావాలని ఆయన పట్టుదల. (ఇది చదివి నవ్వుకునే తల్లిదండ్రులు మనలో ఉన్నారని నాకు తెలుసు.) సంగీతం ఇంట్లో నిషేధమట. ఎవరో ఒక చిన్న క్లావికార్డ్ వాయిద్యాన్ని అటకమీదికి చేర్చితే, అందరూ నిద్రపోయాక పిల్లవాడు పైకెక్కి వాయించుకునేవాడట. హాండెల్ చనిపోయిన మరుసటి ఏడు, 1760లో, జాన్ మెయిన్‌వేరింగ్ రాసిన జీవితచరిత్రలో ఈ కథ ఉంది. క్లావికార్డ్ శబ్దం చాలా మెత్తన కాబట్టి నమ్మదగ్గ కథే. తరువాత వైసెన్‌ఫెల్స్ ప్రభువు ఆ బాలుడు ఆర్గన్ వాయించడం విని, వీడికి చదువుతోపాటు సంగీతం కూడా చెప్పించమని తండ్రికి గట్టిగా చెప్పాడు. అలా హాలె పట్టణపు ఆర్గన్ విద్వాంసుడు త్సాఖౌ గురువయ్యాడు. తండ్రి 1697లో పోయాడు. కొడుకు ఆయన మాట నిలపడానికో ఏమో 1702లో విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకున్నాడు కాని, మరుసటి ఏడే అన్నీ వదిలి హాంబుర్గ్ నాటకశాలలో ఫిడేలు వాయించడానికి వెళ్ళిపోయాడు.

హాంబుర్గ్‌లో మాథెసన్ అనే స్నేహితుడితో, హార్ప్సికార్డ్ దగ్గర ఎవరు కూర్చోవాలన్న తగువు పెరిగి కత్తులు దూసుకునేదాకా వెళ్ళింది. మాథెసన్ కత్తి హాండెల్ కోటు గుండీకి తగిలి విరిగింది. ఆ గుండీ అక్కడ లేకపోతే ఈ వ్యాసం లేదు. తరువాత ఇద్దరూ మళ్ళీ స్నేహితులయ్యారు. 1706 నుంచి నాలుగేళ్ళు ఇటలీలో గడిపి, అక్కడి గాత్రపు తీపిని పట్టుకున్నాడు. 1710లో హనోవర్ ప్రభువు కొలువులో చేరి, వెంటనే సెలవు పుచ్చుకుని లండన్ వెళ్ళాడు. 1711 ఫిబ్రవరి 24న ఆడిన ‘రినాల్డో’ అనే ఒపేరాతో లండన్ ఆయన వశమైంది.

ఆ సంగీతాన్ని బరోక్ సంగీతం అంటారు. ఇంచుమించు 1600 నుంచి 1750 వరకు ఐరోపాలో నడిచిన పద్ధతి. మన చెవికి అది అనుకున్నంత దూరమైనది కాదు. కర్త అంతా కాగితం మీద పెట్టడు. కింది స్వరం రాసి దాని దగ్గర అంకెలు వేస్తాడు. హార్ప్సికార్డ్ వాయించేవాడు ఆ అంకెలు చూసి తన మనోధర్మంతో మిగిలింది నింపుకోవాలి. పాడేవాళ్ళు మొదటి చరణానికి తిరిగి వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు పాడితే శ్రోతలు ఒప్పుకోరు. కొత్త సొగసులు చేర్చాలి. సంగతులు వేయడం తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

హాండెల్ సెలవు తీరినా తిరిగి వెళ్ళలేదు. విధి విచిత్రం, ఆ హనోవర్ ప్రభువే 1714లో ఇంగ్లండు రాజు మొదటి జార్జిగా లండన్‌కు వచ్చి కూర్చున్నాడు. రాజు కోపం చల్లార్చడానికే 1717 జూలై 17న థేమ్స్ నదిమీద పడవలో ‘వాటర్ మ్యూజిక్’ వినిపించాడని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. ఆ కథ నిలవదు. రాజు అంతకు ముందే ఆయన భత్యం పెంచాడు. నచ్చి మళ్ళీ మళ్ళీ వాయించమన్న మాట మాత్రం నిజం.

1727లో పార్లమెంటు చట్టంద్వారా ఆయన బ్రిటిష్ పౌరుడయ్యాడు. పేరులోని జర్మన్ చుక్కలు తీసేశాడు. మన తాతల పేర్లు డర్బన్ రేవులో ఓడ దిగుతూనే గుమాస్తా కలం కింద మారిపోయాయి. ఆయన తన పేరును తానే మార్చుకున్నాడు, తేడా అంతే. అంత చిన్న తేడా కాదని ముందు ముందు తెలుస్తుంది. ఇంగ్లీషు మాత్రం చివరిదాకా జర్మన్ యాసతోనే మాట్లాడాడు. అదే ఏడు రెండవ జార్జి పట్టాభిషేకానికి నాలుగు స్తోత్రగీతాలు కట్టాడు. అందులో ‘జాడోక్ ద ప్రీస్ట్’ అప్పటినుంచి ప్రతి బ్రిటిష్ పట్టాభిషేకంలోనూ పాడుతున్నారు. 2023 మే 6న మూడవ చార్లెస్ పట్టాభిషేకంలో టెలివిజన్‌లో మీరు విన్నది అదే.

ఒపేరాల సంగతి త్వరగా ముగిస్తాను. నలభైకి పైగా రాశాడు. ఇటాలియను భాషలో, లండన్‌లో! ప్రేక్షకులలో చాలామందికి మాటలు అర్థం కావు. గాయకులకు ఇచ్చే జీతాలు విపరీతం. కుజోనీ అనే గాయని తన పాట పాడనంటే, కిటికీలోంచి కింద పడేస్తానని ఆమెను బెదిరించాడని ప్రతీతి. 1728లో ‘బెగ్గర్స్ ఒపేరా’ అనే ఇంగ్లీషు ప్రహసనం వచ్చాక జనం అటు మళ్ళారు. 1737లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. జర్మనీలో ఆఖెన్ వేడినీటి బుగ్గలలో స్నానాలు చేసి కోలుకున్నాడు. 1741 నాటికి ఒపేరా వ్యాపారం ఆయనకు పూర్తిగా ముగిసింది. వయసు 56.

ఆ ఏడు ఆగస్టు 22న, లండన్ బ్రూక్ వీధిలోని తన ఇంట్లో కూర్చుని ‘మెసయ్య’ మొదలుపెట్టాడు. చార్లెస్ జెనెన్స్ అనే మిత్రుడు బైబిలు వాక్యాలు ఏరి కూర్చి ఇచ్చాడు. సెప్టెంబరు 14న పూర్తి. 24 రోజులు. వేషాలు, రంగాలంకరణ లేకుండా నిలబడి పాడే ఇటువంటి భక్తి ప్రబంధాన్ని ఒరటోరియో అంటారు. అందులో అసలు నాయకుడు సమూహం. ఒపేరాలో ఒక్కొక్కరే వచ్చి తమ విద్య చూపి వెళ్తారు. ఇక్కడ నలభై గొంతులు ఒక్క మాట మీద కలుస్తాయి. బడిపిల్లలు కూడా పాడగలిగే సంగీతమైంది అందుకే.

మొదటి కచేరి లండన్‌లో కాదు, డబ్లిన్‌లో, 1742 ఏప్రిల్ 13న, ఫిషాంబుల్ వీధి సంగీతశాలలో జరిగింది. రెండు కెథెడ్రళ్ళ గాయకులు కావాలి. అందులో ఒకదాని డీను ‘గలివర్స్ ట్రావెల్స్’ రాసిన జోనథన్ స్విఫ్ట్. ఆయన మొదట ఇవ్వనని అడ్డం తిరిగాడు, చివరికి ఇచ్చారు. జనం ఎక్కువ పడతారని, ఆడవాళ్ళు గౌనుల కింద వలయాలు లేకుండా రావాలనీ, మగవాళ్ళు కత్తులు ఇంట్లో పెట్టి రావాలనీ ప్రకటించారు. సుమారు 700 మంది వచ్చారు. వచ్చిన డబ్బు, సుమారు 400 పౌండ్లు, మూడు ధర్మకార్యాలకు పంచారు: రెండు ఆసుపత్రులు, మూడవది అప్పు తీర్చలేక జైలులో ఉన్నవారి విడుదల. ఆ డబ్బుతో 142 మంది బయటికి వచ్చారని చెబుతారు.

ఇక్కడ కొంచెం ఆగుతాను. అప్పు తీర్చలేనివాణ్ణి జైల్లో పెడితే సంపాదించలేడు, సంపాదించనిదే అప్పు తీరదు. ఆ మడతపేచీ ఏమిటో మన పెద్దలకు బాగా తెలుసు. మా తాత 1904లో మద్రాసులో ఓడెక్కి వచ్చాడు. మొదటి ఏడు కూలి నెలకు 10 షిల్లింగులు. అయిదేళ్ళ ఒప్పందం తీరాక స్వతంత్రంగా ఉండాలంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. 1895 నాటి నేటాలు చట్టం అది. అంటే ఆ మొదటి ఏటి కూలి లెక్కన ఆరు నెలల జీతం. కట్టలేనివాళ్ళు కొందరు జైలుకు పోయారు, చాలామంది మళ్ళీ ఒప్పందం మీద వేలిముద్ర వేశారు. మా తాత వేలిముద్ర వేశాడు. 1913లో సమ్మె జరిగి, 1914లో ఆ పన్ను రద్దయింది. డబ్లిన్‌లో ఆనాటి టిక్కెట్టు వెల అర గినీ, అంటే పది షిల్లింగుల ఆరు పెన్నీలు. నూట అరవై ఏళ్ళ తరువాత చెరకుతోటలో ఒక నెల పనికి ఇచ్చిన డబ్బు దానికన్నా ఆరు పెన్నీలు తక్కువ. ఈ లెక్క నేను నల్లబల్ల మీద వేసి చూపినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోయింది.

అయినా డబ్లిన్ ఖైదీల కథ చెప్పడం నాకు ఇష్టం. లండన్ అనాథ శిశువుల ఆశ్రమం కథ కూడా. థామస్ కోరమ్ అనే నావికుడు, వీధుల్లో వదిలేసిన పసిపిల్లలను చూడలేక, ఏళ్ళ తరబడి తిరిగి 1739లో రాజుగారి అనుమతిపత్రం సంపాదించి ఆశ్రమం పెట్టాడు. హాండెల్ 1749లో ఆ ఆశ్రమం కోసం కచేరి చేశాడు. 1750 నుంచి ఏటా అక్కడి ప్రార్థనామందిరంలో ‘మెసయ్య’ జరిపించాడు. దానికి ఆర్గన్ బహూకరించాడు. ఆయన తరువాత కూడా ఆ కచేరీలు సాగి, మొత్తంమీద దాదాపు 7,000 పౌండ్లు ఆ పిల్లలకు చేరాయి. లండన్‌లో ‘మెసయ్య’కు మొదట అంత ఆదరణ లేదు, నాటకశాలలో దేవుడి మాటలా అని 1743లో మతాభిమానులు గొణిగారు. ఈ అనాథ పిల్లల పుణ్యమా అని అది జనంలో పాదుకుంది.

ఇప్పుడు పద్దు సంగతి.

హాండెల్ డబ్బు విషయంలో జాగ్రత్తపరుడు. బ్యాంకు ఆఫ్ ఇంగ్లండులో ఆయన ఖాతాల పద్దులు ఇప్పటికీ ఉన్నాయి. 1716లో ఆయనకు సౌత్ సీ కంపెనీలో 500 పౌండ్ల వాటా ఉంది. ఈ కంపెనీకి 1713లో ఒక కాంట్రాక్టు దక్కింది: స్పెయిన్ వలసలకు ఏటా 4,800 మంది ఆఫ్రికా బానిసలను సరఫరా చేయడం, 30 ఏళ్ళపాటు. 1720లో కంపెనీ వాటాల ధరలు ఉబ్బి పగిలి వేలమంది దివాళా తీశారు. మన సంగీతకారుడు చిక్కుకోలేదు. ఇది పాత చరిత్రకారులకు తెలుసు. వాళ్ళు దీన్ని ఆయన తెలివికి నిదర్శనంగా రాసేవారు. 2010 తరువాతి సంవత్సరాలలో డేవిడ్ హంటర్ అనే చరిత్రకారుడు మరో కాగితం బయటపెట్టాడు. 1720లో రాయల్ ఆఫ్రికన్ కంపెనీ వాటాల బదిలీ పుస్తకాలలో హాండెల్ పేరు ఉంది. అట్లాంటిక్ దాటించి బానిసలను తరలించిన ఏ ఒక్క కంపెనీ కూడా దీనికన్నా ఎక్కువమందిని తరలించలేదంటారు.

ఎంత లాభం వచ్చింది, ఎంతకాలం వాటా ఉంచుకున్నాడు, ఆయన సంపాదనలో అది ఎంత భాగం అన్నదానిపై పండితుల మధ్య వాదోపవాదాలు ఉన్నాయి. కొందరు అది స్వల్పకాలపు లావాదేవీ అంటారు. కావచ్చు. 1717, 1718లలో హాండెల్‌ను తన భవనంలో ఉంచుకుని పోషించి, అనేక స్తోత్రగీతాలు రాయించుకున్న శాండాస్ ప్రభువు 1720లో ఆ ఆఫ్రికన్ కంపెనీని నిలబెట్టడానికి పూనుకున్న పెద్దలలో ముఖ్యుడు. ఆ కాలపు లండన్‌లో డబ్బున్నవాళ్ళు చాలామంది ఈ పని చేశారని సమాధానం చెబుతారు. నిజమే. నాకు ఆ సమాధానం సగమే సరిపోతుంది. శరీరం అమ్మకపు సరుకై అట్లాంటిక్ దాటడమంటే ఏమిటో ఆయనకు తెలియదనుకోను. ఆయన ‘ఇజ్రాయెల్ ఇన్ ఈజిప్ట్’ 1738లో రాశాడు, దాని కథ అంతా బానిసత్వం నుంచి ఒక జాతి విడుదలే.

మనకు ఇందులో ఏమి సంబంధం అని అడగవచ్చు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం 1834లో రద్దయింది. చెరకుతోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చింది. అదే ఏడు మారిషస్‌కు, మరికొన్నేళ్ళకు కరేబియన్ దీవులకు, 1860లో నేటాలుకు ఒప్పంద కూలీలను ఎక్కించుకుని ఓడలు బయలుదేరాయి. 1860 నవంబరు 16న మద్రాసునుంచి డర్బన్ చేరిన ‘ట్రూరో’లో తెలుగువాళ్ళు ఉన్నారు. మనం బానిసలం కాము. రెంటినీ ఒకటిగా చెప్పడం ఆఫ్రికా పూర్వీకులకు అన్యాయం. కాని ఖాళీ అయిన ఆ బ్యారకులోకే మనవాళ్ళను దింపారు.

మూడేళ్ళ క్రితం ఈ విషయం చదివాక ఆ ఏడు బృందగానంలో హాండెల్ మానేద్దామని అనుకున్నాను. ఇంట్లో చెప్పాను. మా అమ్మ, అప్పటికి తొంభై దాటింది, ఒక్కమాటే అంది: “ఆ పాట వాడిదొక్కడిదేనట్రా? మేము పాడలేదా?” నాకు జవాబు తోచలేదు. ఆమె చెప్పినదానిలో చరిత్ర కూడా ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ కర్వెన్ ప్రచారం చేసిన టానిక్ సాల్ఫా పద్ధతి, డో రే మీ అక్షరాలతో పాట రాసే పద్ధతి, మిషనరీలతో దక్షిణాఫ్రికా వచ్చింది. అచ్చు సంగీతం కొనలేని, పియానో లేని బడులలో, చర్చిలలో ఆ అక్షరాల మీదే జూలూ, ఖోసా బృందాలు హాండెల్ కోరసులు నేర్చుకున్నాయి. ఇప్పటికీ మన దేశపు బృందగాన పోటీలలో వాళ్ళు పాడే హాండెల్ వింటే తెలుస్తుంది, అది ఎవరి సొత్తయిందో. మనవైపు 1903లో నెల్లూరునుంచి రెవరెండు జాన్ రంగయ్య వచ్చి కీర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘాన్ని స్థాపించాడు. మా వీధిలో బాప్టిస్టు కుటుంబాలు క్రిస్మసుకు తెలుగు కీర్తనల తరువాత హల్లెలూయా ఎత్తుకునేవారు. హిందువులమైన మేము గుమ్మంలో నిలబడి ఆల్టో వరుస కలిపేవాళ్ళం. పట్నంలోని పెద్ద హాలులో అదే పాట తెల్లవాళ్ళు పాడేవారు. అక్కడికి మనకు ప్రవేశం లేదు. గుమ్మం చాలింది.

నేను మానలేదు. పాటతోపాటు పద్దు కూడా చెప్పడం మొదలుపెట్టాను. బల్లమీద ఒకవైపు 142 అని, రెండోవైపు 4,800 అని రాస్తాను. కొందరు తల్లిదండ్రులకు ఇది నచ్చలేదు. భక్తి పాటకు మైల అంటించడమెందుకన్నారు. పిల్లలు మాత్రం మంచి ప్రశ్నలే వేశారు. ఒక పిల్లవాడు, ఆ 142 మందిని విడిపించిన డబ్బు టిక్కెట్లు కొన్నవాళ్ళది కదా, హాండెల్‌ది కాదు కదా, అని నన్నే నిలదీశాడు. నిజమే. పాట మాత్రం ఆయనదే అన్నాను. వాడు పూర్తిగా ఒప్పుకున్నట్టు కనబడలేదు.

చివరి రోజులు చెప్పాలి. 1751 ఫిబ్రవరిలో ‘జెఫ్తా’ రాస్తుండగా ఎడమకన్ను మసకబారింది. ఇక సాగించలేకపోతున్నానని రాతప్రతి అంచున తేదీవేసి రాసుకున్నాడు. అప్పుడు రాస్తున్న కోరసు దేవుడి నిర్ణయాలు ఎంత చీకటివో అని. జాన్ టేలర్ అనే ఊరూరా తిరిగే కంటివైద్యుడు ఆయనకూ శస్త్రచికిత్స చేశాడు; అంతకుముందు బాహ్‌కు చేసిందీ ఇతడే. ఇద్దరికీ చూపు రాలేదు. గుడ్డితనంలోనూ హాండెల్ కచేరీలలో ఆర్గన్ వాయించాడు. 1759 ఏప్రిల్ 6న ‘మెసయ్య’ విని ఇంటికి వెళ్ళి, 14న కన్నుమూశాడు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. వదిలిన ఆస్తి దాదాపు 20,000 పౌండ్లు. పేద సంగీతకారుల సహాయనిధికి 1,000 పౌండ్లు, అనాథ ఆశ్రమానికి ‘మెసయ్య’ శుద్ధప్రతి, సేవకులకు జీతాలు, మేనకోడలికి మిగిలినది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి దగ్గర చెక్కిన పుట్టిన ఏడు 1684. అప్పటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చిలో వచ్చేది కనుక ఆ లెక్క.

ఇక హల్లెలూయాకు లేచి నిలబడే ఆచారం. రెండవ జార్జి రాజు లేచాడు కనుక అందరూ లేచారంటారు. ఆ రోజులలోనే చూసి రాసినవారెవరూ లేరు. ఆ కథ కాగితం మీదికి వచ్చింది 1780లో. కనుక డిసెంబరు కచేరీలో లేచేవాళ్ళు లేవవచ్చు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నిస్సంకోచంగా కూర్చోవచ్చు. అభ్యాసాలు ప్రతి గురువారం సాయంత్రం, తెలుగు తరగతి అయిన వెంటనే అదే గదిలో. సొప్రానోలు కావలసినంతమంది ఉన్నారు. ఆల్టోలు ముగ్గురే. సాల్ఫా మరిచిపోయినవాళ్ళకు మళ్ళీ నేర్పుతాను.